వెన్ను నీటి చుక్కలో గోత్రం వెతికే పరీక్ష: ఏది కొనాలి, ఏది అడగాలి

మెనింజైటిస్ తెచ్చిన బాక్టీరియాను ప్లేటు మీద పెంచనక్కర్లేకుండా, రోగి వెన్ను నీటి (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం, సీఎస్ఎఫ్) నుంచే నేరుగా దాన్ని జన్యువులను బట్టి గుర్తించే పరీక్షలు మూడు రూపాల్లో దొరుకుతున్నాయి. రసాయనాలన్నీ ముందే నింపి ఉండి, గంటలో జవాబిచ్చే కార్ట్రిడ్జి ఒకటి. డీఎన్ఏను కోట్ల ప్రతులుగా పెంచి చూసే మామూలు రియల్ టైమ్ పీసీఆర్ మిషను మీద, కావలసిన జన్యువును వెతికి పట్టే ప్రైమర్లు, దాన్ని వెలుగుతో చూపే ప్రోబులు పోసి మనమే చేసుకునేది రెండోది. పెద్ద ల్యాబుకు పంపి సీక్వెన్సింగ్, అంటే డీఎన్ఏ అక్షరాల వరస చదివించుకునేది మూడోది. దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కొరాపుట్, జయపురం, మల్కన్‌గిరి వైపు పనిచేసే మన డాక్టర్లు, ల్యాబ్ టెక్నీషియన్ల కోసం ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి తూచిన సమీక్ష ఇది. తీర్పు ముందే చెప్పేస్తాం: రెండోదానికి ఐదుకి నాలుగు మార్కులు, మొదటిదానికి మూడు. మూడోదానికి మార్కులు వేయాల్సింది ల్యాబుకు కాదు, మీరు పంపిన శాంపిలుకు.

ముందు పేరు దగ్గరే ఒక చిక్కుంది. జ్వరం, ఫిట్స్, మగత కలిసి వస్తే మన వైపు అన్నిటినీ మెదడువాపు అనేస్తారు. ఒడియావాళ్లకు అది మస్తిష్క జ్వరం. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ మెదడుకే పట్టే వైరస్ జబ్బు, మెనింజైటిస్ మెదడును, వెన్నుపామును చుట్టిన పొరల వాపు. 2016లో మల్కన్‌గిరి జిల్లాలో పిల్లలు చనిపోయినప్పుడు జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరసూ, కసింద గింజల విషమూ రెండూ చర్చకు వచ్చాయి. ఇలాంటి చోట బాక్టీరియా మెనింజైటిస్ గుంపులో కలిసిపోయి కనిపించకుండా పోవడం తేలిక. మలేరియా సంగతీ అంతే. ఫాల్సిపారం మలేరియా ఎక్కువగా ఉన్న కొండ గ్రామాల్లో జబ్బు లేకుండానే రక్తంలో పరాన్నజీవి మోసే పిల్లలు ఉంటారు. కాబట్టి మలేరియా ర్యాపిడ్ కార్డు మీద రెండో గీత పడిందని వెన్ను నీరు తీయడం మానుకుంటే, అసలు దొంగ వెనక గుమ్మం నుంచి వెళ్లిపోతాడు.

ఈ పరీక్షలు చెప్పే విషయాన్ని ఇంటిపేరు, పేరు, గోత్రం అనుకుంటే సులువు. ఇంటిపేరు అంటే బాక్టీరియా జాతి: మెనింగోకాకసా, న్యూమోకాకసా, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజానా అన్నది. పేరు అంటే దాని పైగుళిక (బాక్టీరియాను కప్పే చక్కెర పొర) రకం. మెనింగోకాకస్‌లో 12 సీరోగ్రూపులున్నా జబ్బు దాదాపు అంతా ఎ, బి, సి, డబ్ల్యు, ఎక్స్, వై అనే ఆరింటితోనే వస్తుంది. న్యూమోకాకస్‌లో సీరోటైపులు వందకు పైనే. హీమోఫిలస్‌లో ఎ నుంచి ఎఫ్ దాకా ఆరు, గుళిక లేనివి వేరే. ఇక గోత్రం అంటే కణం రోజువారీ పనికి కావలసిన ఏడు జన్యువుల వరసను చదివి ఇచ్చే సీక్వెన్స్ టైపు, పొట్టిగా ఎస్టీ. 1998లో మెనింగోకాకస్‌తోనే ఈ పద్ధతి మొదలైంది. పేరు మార్చుకున్నా గోత్రం మారదు. గుళిక జన్యువులు పక్కవాడి దగ్గర అరువు తెచ్చుకుని సి గ్రూపు బాక్టీరియా డబ్ల్యు గ్రూపు కావచ్చు, ఎస్టీ-11 కుటుంబం మాత్రం ఎస్టీ-11గానే ఉంటుంది. 2000లో హజ్ యాత్రికుల మధ్య వ్యాపించిన డబ్ల్యు ఈ కుటుంబానిదే. ఆ తర్వాతే యాత్రికులకు నాలుగు గ్రూపుల టీకా తప్పనిసరి అయింది.

మంచం మీదున్న పిల్లకు ఇంటిపేరు చాలు. నిజానికి యాంటీబయాటిక్ సెఫ్ట్రియాక్సోన్ మొదటి డోసుకు ఆ ఇంటిపేరు కోసం కూడా ఆగకూడదు. పేరు కావలసింది ఊరికి: టీకా వేయాలా, ఏ టీకా వేయాలి అని. గోత్రం కావలసింది రాష్ట్రానికి, దేశానికి. ఏ ప్రశ్నకు జవాబు కావాలో తేల్చుకోకుండా ఖరీదైన పరీక్ష రాయడం ఇక్కడ అన్నిటికన్నా మామూలు తప్పు.

కార్ట్రిడ్జి సంగతి చూద్దాం. ఈ తరగతిలో ఎక్కువగా వినబడేది బయోఫైర్ ఫిల్మ్‌అరే మెనింజైటిస్ ప్యానెల్. 2015లో అమెరికాలో అనుమతి పొందింది. 200 మైక్రోలీటర్ల వెన్ను నీరు, రెండు నిమిషాల చేతిపని, దాదాపు గంటలో 14 సూక్ష్మజీవులకు జవాబు. అందులో బాక్టీరియా ఆరు, వైరసులు ఏడు, క్రిప్టోకాకస్ ఒకటి. రాత్రి రెండింటికి డ్యూటీలో ఒక్కరే ఉన్న చోట ఇది వరమే. కానీ డబ్బా మీద రాసి ఉన్నా ఎవరూ చదవని సంగతులు కొన్నున్నాయి. ఇది మెనింగోకాకస్ ఉందో లేదో చెబుతుంది, ఎ గ్రూపో బి గ్రూపో చెప్పదు. గుళిక ఉన్న మెనింగోకాకస్‌నే పడుతుంది. ఈ.కోలైలో కె1 రకాన్ని మాత్రమే చూస్తుంది. నడుము దగ్గర సూది పెట్టి తీసిన నీటికే అనుమతి, షంటు (మెదడు నీటిని మళ్లించే గొట్టం) నుంచి తీసిన నీటికి కాదు. సెంట్రిఫ్యూజులో తిప్పిన నీరు పోయకూడదు. పౌచులు (ఈ కార్ట్రిడ్జులే) 15 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండాలి, ఫ్రిజ్‌లో పెట్టరాదు. మే నెల బరంపురంలో ఏసీ లేని స్టోరు గదిలో పెట్టి, తర్వాత రన్ ఫెయిలైందని కంపెనీని తిడితే లాభం లేదు.

ఇంకొకటి: న్యూమోకాకస్ తప్పుడు పాజిటివ్. ఇది చాలా మంది గొంతులో మామూలుగా కాపురముండే బాక్టీరియా. పౌచ్ నింపే మనిషి మాస్కు లేకుండా మాట్లాడుతూ పోస్తే తుంపర చాలు, మిషను దాన్ని పట్టేస్తుంది. వెన్ను నీటిలో కణాలు మామూలుగా ఉండి, గ్లూకోజు బాగుండి, న్యూమోకాకస్ ఒక్కటే పాజిటివ్ వస్తే నమ్మే ముందు మళ్లీ చేయండి. బిల్లు వేలల్లో ఉంటుంది కాబట్టి 'మళ్లీ' అనే మాట ఎవరి నోటా రాదు, అదే అసలు ఇబ్బంది. రకం తేల్చే పరీక్షగా చూస్తే దీనికి మార్కులు లేవు. తలుపు తట్టే పరీక్షగా మంచిది. చేశాక మిగిలిన నీటిని పారబోయకుండా ఉంచితే రెండో పరీక్షకు దారి ఉంటుంది. అందుకే మూడు మార్కులు.

మా ఓటు పడేది రెండోదానికి. కొవిడ్ కాలంలో జిల్లా ల్యాబులకు వచ్చిన రియల్ టైమ్ పీసీఆర్ మిషన్లలో నాలుగైదు రంగుల ఛానెళ్లుంటాయి. దీనికి మూడు చాలు. కొత్త మిషను కొనే పని లేదు, ఉన్నదాని మీద కవరు తీస్తే చాలు. మొదటి మెట్టులో మూడు జన్యువులు ఒకే వెల్‌లో (ప్లేటులోని చిన్న గుంటలో): మెనింగోకాకస్‌కు సాడ్-సి, న్యూమోకాకస్‌కు లైట్-ఎ, హీమోఫిలస్‌కు హెచ్‌పీడీ. పక్క వెల్‌లో మనిషి జన్యువు ఆర్‌నేజ్-పి, శాంపిల్ నిజంగా ట్యూబులోకి వచ్చిందా, పీసీఆర్‌ను ఏదైనా అడ్డుకుంటోందా అని చూసుకోవడానికి. 25 మైక్రోలీటర్ల మిశ్రమంలో సగం మాస్టర్ మిక్సు, 2 మైక్రోలీటర్లు డీఎన్ఏ. 95 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు, ఆపైన 95లో 15 సెకన్లు, 60లో ఒక నిమిషం చొప్పున 50 చుట్లు. మొత్తం రెండు గంటలకు కాస్త పైన.

జన్యువుల ఎంపిక ఊరికే జరగలేదు. మెనింగోకాకస్‌కు పాత కిట్లలో సీటీఆర్-ఎ ఒక్కటే ఉండేది. అది గుళికను బయటికి పంపే యంత్రాంగంలో భాగం, గుళిక లేని మెనింగోకాకస్‌లో ఉండకపోవచ్చు. సాడ్-సి అయితే గుళిక ఉన్నా లేకపోయినా దొరుకుతుంది. న్యూమోకాకస్‌కు పీఎల్‌వై జన్యువు వాడే కిట్లు ఇంకా కొన్ని అమ్ముతున్నారు. అవి గొంతులోని దాయాది స్ట్రెప్టోకాకస్‌లను కూడా న్యూమోకాకస్ అనేస్తాయి. కిట్ కొనే ముందు లోపలి కాగితంలో ఏ జన్యువు రాసి ఉందో చూడండి. కాగితంలో జన్యువు పేరే లేకపోతే ఆ కిట్ కొనకండి.

మెనింగోకాకస్ అని తేలితే రెండో మెట్టు, సీరోగ్రూపు. ఇంగ్లండ్ ల్యాబుల వరసను కాపీ కొట్టి బి గ్రూపుతో మొదలెట్టడం మనకు అర్థం లేదు. 1966, 1985, 2005లో ఢిల్లీలో, 2008-09లో మేఘాలయలో వ్యాపించింది ఎ గ్రూపే. ఎ ముందు పెట్టి, దానితో పాటు సి, డబ్ల్యు, ఎక్స్ చూసుకుని, బి, వై తర్వాత చేయించండి. డబ్ల్యు, వై దగ్గర జాగ్రత్త. ఆ రెండింటి గుళిక జన్యువులు కవల పిల్లల్లాంటివి, రెండూ కలిసిన సంకరాలు కూడా ఉన్నాయి. రెండు వెల్‌లూ వెలిగితే 'డబ్ల్యు/వై' అని రాయమనండి, ఒకటి ఎంచమనవద్దు. లేటెక్స్ కిట్ (గుళికను పట్టి గడ్డకట్టే పూసల పరీక్ష) ఇంకా వాడుతున్నవాళ్లకు ఒక మాట: బి గ్రూపు గుళిక, ఈ.కోలై కె1 గుళిక రసాయనంగా ఒకటే. పసికందు వెన్ను నీటిలో ఆ లేటెక్స్ గడ్డకడితే అది మెనింగోకాకస్ కాకపోవచ్చు. లేటెక్స్ తేల్చలేని ఆ తేడా జన్యు పరీక్షతో తేలిపోతుంది.

ఇప్పటిదాకా చెప్పింది మిషను గురించి. పరీక్ష గెలిచేదీ ఓడేదీ మాత్రం వార్డులో, మొదటి గంటలో.

వెన్ను నీరు తీసేటప్పుడు మూడో నాలుగో చిన్న స్టెరైల్ ట్యూబుల్లో ఒక్కోదానికి దాదాపు ఒక మిల్లీలీటరు పడుతుంది. ఆ వరసలో పీసీఆర్‌కు విడిగా ఒక స్క్రూ మూత, రబ్బరు రింగు ఉన్న 2 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ వయల్ పెట్టుకుని, కనీసం అర మిల్లీలీటరు అందులోకే నేరుగా పట్టండి. బయోకెమిస్ట్రీ వాళ్లు, కణాలు లెక్కపెట్టేవాళ్లు పిపెట్లు ముంచి తీసిన ట్యూబులో అడుగున మిగిలిన నీరు పీసీఆర్‌కు పంపడం అలవాటుగా మారింది. ముంచిన ప్రతి పిపెట్టూ పక్క రోగి డీఎన్ఏ తేవచ్చు. కల్చర్‌కు, అంటే ప్లేటు మీద పెంచడానికి, వెళ్లే నీటిని ఫ్రిజ్‌లో పెట్టకూడదు, చలికి మెనింగోకాకస్, హీమోఫిలస్ చస్తాయి. గది వేడిమి దగ్గరే గంటలోపు ప్లేటు మీదికి చేరాలి. పీసీఆర్‌కు బాక్టీరియా చచ్చినా ఫర్వాలేదు, దాని డీఎన్ఏ చాలు, కాబట్టి ఆ వయల్ చల్లగా ఉండాలి. ఒకే రోగి నీరు, ఒకటి బల్ల మీద, ఒకటి ఫ్రిజ్‌లో. నర్సు స్టేషను గోడ మీద ఈ ఒక్క వాక్యం ఒడియాలోనూ తెలుగులోనూ అంటిస్తే సగం పని అయినట్టే.

ల్యాబు దూరమైతే ట్రాన్స్-ఐసొలేట్ బాటిల్ అనే బొగ్గు కలిపిన మీడియం ఉంది. వాడే దాకా ఫ్రిజ్‌లో, వాడే ముందు గది వేడిమికి తెచ్చి, అర నుంచి ఒక మిల్లీలీటరు వెన్ను నీరు సిరంజితో ఎక్కించాలి. వెంటనే పంపేట్టయితే మూతకు గాలి సూది గుచ్చకుండా పంపి, అక్కడికి చేరాక గుచ్చమనాలి. ఇది వాడినా సరే, పీసీఆర్ వయల్ విడిగా ఉండాల్సిందే.

యాంటీబయాటిక్ ముందే పడిపోయిందని వెన్ను నీరు తీయడం మానేస్తున్నారు. నేరుగా శాంపిల్ నుంచి చేసే ఈ పరీక్షలకు అసలు విలువ వచ్చేది సరిగ్గా ఆ రోగుల దగ్గరే. సిరలోకి సెఫలోస్పోరిన్ వెళ్లిన రెండు గంటల్లో మెనింగోకాకస్ కల్చర్ నెగెటివ్ కావచ్చు, న్యూమోకాకస్ నాలుగు గంటల నుంచి. డీఎన్ఏ మాత్రం అంత త్వరగా పోదు. చిన్న ఆస్పత్రిలో ఇంజెక్షన్ చేయించుకుని ఘాట్ రోడ్డు దిగి వచ్చిన పిల్లల దగ్గర కల్చర్ కన్నా పీసీఆర్ ఎందుకు ముందుంటుందో చెప్పడానికి ఈ లెక్క చాలు.

డీఎన్ఏ తీసే దగ్గర జరిగే పొరపాటు ఒకటుంది, దాన్ని కొంచెం సాగదీసి చెబుతాం. డీఎన్ఏను వడకట్టి పట్టే కాలమ్ కిట్‌లో ఇచ్చిన సాదా పద్ధతి రక్తానికి, వైరస్‌కు సరిపోతుంది. న్యూమోకాకస్ గ్రామ్ పాజిటివ్, గోడ మందం. ఆ గోడ ముందు పగలకపోతే డీఎన్ఏ కాలమ్ దాకా రాదు. కాబట్టి 200 మైక్రోలీటర్ల వెన్ను నీటికి గోడను కోసే ఎంజైములు లైసోజైమ్, ముటనోలైసిన్ కలిపిన బఫరు చేర్చి 37 డిగ్రీల దగ్గర ఒక గంట ఉంచి, ఆ తర్వాతే కిట్ పద్ధతి మొదలెట్టాలి. ఈ గంట మిగుల్చుకుందామని వదిలేసిన ల్యాబులో మెనింగోకాకస్ బాగానే దొరుకుతుంది, న్యూమోకాకస్ మాత్రం 'ఈ జిల్లాలో లేదు' అన్నట్టు కనబడుతుంది. జిల్లాలో లేకపోవడం కాదు, ట్యూబులో గోడ పగల్లేదు. ముటనోలైసిన్ వాడితే వ్యాప్తి లెక్కలే మారిపోతాయి. ఎవరి దగ్గరన్నా ఈ సేవ కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: గ్రామ్ పాజిటివ్ గోడ పగలగొట్టే దశ మీ పద్ధతిలో ఉందా? తడబడితే ఇంకో ల్యాబు చూసుకోండి.

ఇంకో లెక్క. 200 మైక్రోలీటర్ల నీటి నుంచి తీసిన డీఎన్ఏను 100 మైక్రోలీటర్లలో దించి, అందులో 2 మైక్రోలీటర్లు వెల్‌లో పోస్తే, వెల్‌లో పడేది 4 మైక్రోలీటర్ల వెన్ను నీటి సరుకే. మిల్లీలీటరుకు 250 బాక్టీరియా ఉన్న నీటిలో అది సగటున ఒక్కటి. ఒక్కటంటే పడినా పడొచ్చు, పడకపోయినా పడకపోవచ్చు. శాంపిల్ చాలినంత ఉంటే 50 మైక్రోలీటర్లలో దించి, ఒక్కో రకానికి రెండేసి వెల్‌లు పెట్టండి. రక్తం కలిసిన నీరైతే డీఎన్ఏను పదింతలు పలచన చేసి ఇంకో వెల్ పెట్టండి. ఎర్ర కణాల హీమ్ పీసీఆర్‌ను నొక్కేస్తుంది, పలచన చేస్తే అది వదులుతుంది. రక్తం శాంపిల్ కూడా పంపితే ఊదా మూత ఈడీటీఏ ట్యూబులో పంపండి. హెపారిన్ పచ్చ మూత వద్దు, అదీ అడ్డుకుంటుంది.

రిపోర్టులో సీటీ విలువ (ఎన్నో చుట్టులో వెలుగు కనబడిందన్న అంకె, అది తక్కువైతే సరుకు ఎక్కువ) లేకపోతే ఆ రిపోర్టు సగమే. 35 లోపు పాజిటివ్. 36 నుంచి 40 మధ్య సందేహం: డీఎన్ఏను నాలుగింతలు, పదింతలు పలచన చేసి మళ్లీ నడపాలి. 40 దాటితే నెగెటివ్. మూడున్నర కన్నా కొంచెం తక్కువ తేడా అంటే సరుకులో పదింతల తేడా అని గుర్తుంచుకుంటే, 34 దగ్గర ఇంటిపేరు వచ్చి సీరోగ్రూపు రాకపోవడం ఎందుకో అర్థమవుతుంది. ల్యాబు చేతకానితనం కాదు, సరుకు అంతే. సాడ్-సి బాగా తక్కువ సీటీతో వెలిగి ఆరు గ్రూపులూ నెగెటివ్ అయితే అది వేరే కథ: అరుదైన గ్రూపు కావచ్చు, గుళిక లేనిది కావచ్చు. ఆర్‌నేజ్-పి కూడా వెలగకపోతే 'నెగెటివ్' అని రాయకూడదు, 'శాంపిల్ చెల్లదు' అని రాయాలి. నీళ్లు పోసిన ఖాళీ వెల్ వెలిగితే ఆ రోజు పని మొత్తం చెత్తబుట్టకే.

ప్రోబులు వెలుతురు తట్టుకోవు, కరిగించి గడ్డకట్టించడమూ తట్టుకోవు. వచ్చిన రోజే చిన్న చిన్న ముదురు రంగు ట్యూబుల్లోకి పంచేయండి. ఇంట్లో వాడే ఫ్రాస్ట్-ఫ్రీ ఫ్రిజ్ పై అర మంచు కరిగించుకోవడానికి రోజూ తనంతట తాను వేడెక్కుతుంది. ఎంజైమ్ అందులో పెడితే రెండు నెలల్లో సీటీలు ఎందుకు జారుతున్నాయో తెలియక కిట్‌ను తిట్టుకుంటారు.

న్యూమోకాకస్ పేరు తేల్చే సేవ కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. వెన్ను నీటి నుంచి పీసీఆర్‌తో సీరోటైపు చేసినప్పుడు చాలా జవాబులు గుంపులుగానే వస్తాయి: 6ఎ/6బి/6సి/6డి, 9ఎ/9వి, 7ఎఫ్/7ఎ, 18ఎ/బి/సి/ఎఫ్, 15బి/15సి. ఇవి జన్యువుల్లో అంత దగ్గర. రిపోర్టులో గుంపు కాకుండా ఒంటిగా '18సి' అని ఉంటే, సీక్వెన్స్ చదివారా అని అడగండి. ఇది పండితుల చాదస్తం కాదు. మన పిల్లలకు న్యూమోకాకల్ టీకా 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై 2021లో దేశమంతటికీ వచ్చింది. పుణె సీరమ్ వారి న్యూమోసిల్‌లో ఉన్నవి 1, 5, 6ఎ, 6బి, 7ఎఫ్, 9వి, 14, 19ఎ, 19ఎఫ్, 23ఎఫ్. 18సి అందులో లేదు, 13 రకాల టీకాలో ఉంది. టీకా వేసుకున్న పిల్లకు జబ్బొస్తే టీకా ఓడిందా, టీకాలో లేని రకం వచ్చిందా అన్నది ఆ ఒక్క అక్షరం మీద ఆధారపడుతుంది.

గోత్రం, అంటే ఎస్టీ, నేరుగా వెన్ను నీటి నుంచి తీయడం సాధ్యమే. ఏడు జన్యువుల్లో ఒక్కోదాని నుంచి దాదాపు 450, 500 అక్షరాల ముక్క కావాలి. సరుకు తక్కువ కాబట్టి రెండు విడతల పీసీఆర్, మొదటిదాని ఉత్పత్తిని రెండోదాంట్లో పోయడం. ఆ ట్యూబు మూత తీసిన క్షణం కోట్ల ప్రతులు గాలిలోకి లేస్తాయి. ఒకే గదిలో ఒకే బల్ల మీద ఇది చేసే ల్యాబు ఇచ్చిన ఎస్టీ వారం క్రితం రోగిది కావచ్చు. గదులు వేరుగా ఉన్నాయా, కోటు మారుస్తారా అని మొహమాటం లేకుండా అడగండి. ఏడింటిలో ఐదే వచ్చాయని రిపోర్టు వస్తే పారేయకండి: కుటుంబపు మూల రకంతో నాలుగు సరిపోతే కుటుంబం పేరు చెప్పొచ్చు, ఎస్టీ అంకె మాత్రం చెప్పకూడదు. ఇక గొంతు స్వాబు నుంచి నేరుగా ఎస్టీ చేయమని ఎవరినీ అడగకండి. అక్కడ నైసేరియా (మెనింగోకాకస్ వంశం) దాయాదులందరూ ఉంటారు, ఒకే చోట రెండు శిఖరాలు వచ్చి అక్షరాలు కలగాపులగమవుతాయి.

సరుకు కొంచెమే ఉండి ఒక్కటే అడిగే వీలుంటే, ఎస్టీ కన్నా గైర్-ఎ జన్యువు ముక్క చదవమనండి, అదే మా సలహా. 91వ స్థానంలో అమైనో ఆమ్లం మారితే సిప్రోఫ్లాక్సాసిన్ పనిచేయదు. 2005-06 ఢిల్లీ వ్యాప్తిలో సిప్రోఫ్లాక్సాసిన్‌కు లొంగని మెనింగోకాకస్ బయటపడింది. రోగితో ఒకే ఇంట్లో ఉన్న పెద్దవాళ్లకు మనం చేతిలో పెట్టేది ఎక్కువగా ఆ 500 మిల్లీగ్రాముల సిప్రో మాత్రే. అది పనిచేయదని తెలిస్తే రిఫాంపిసిన్ 600 మిల్లీగ్రాములు 12 గంటలకొకసారి చొప్పున రెండు రోజులు, లేదా సెఫ్ట్రియాక్సోన్ 250 మిల్లీగ్రాముల ఒక్క ఇంజెక్షన్. గోత్రం రికార్డులో ఉంటుంది, గైర్-ఎ జవాబు అదే వారం ఇంట్లోవాళ్ల నోట్లోకి వెళ్తుంది.

మొత్తం జన్యువు చదివే సీక్వెన్సింగ్ గురించి క్లుప్తంగా. వెన్ను నీటిలో ఉన్న డీఎన్ఏలో అత్యధికం మనిషిదే. బాక్టీరియా డీఎన్ఏను గాలం వేసి పట్టడమో, దాన్ని మాత్రమే ఎంచి పెంచడమో చేయకుండా నేరుగా మిషనుకు ఎక్కిస్తే డబ్బు పెట్టి మనిషి జన్యువు చదివించుకున్నట్టే. సీటీ 30 కన్నా బాగా తక్కువ ఉన్న శాంపిల్‌కే ఇది పెట్టండి.

పంపే పద్ధతి. జయపురం నుంచి విశాఖ రెండొందల కిలోమీటర్ల పైచిలుకు ఘాట్ రోడ్డు, భువనేశ్వర్ ఇంకా చాలా దూరం. వయల్‌ను పీల్చే దూదితో చుట్టి, కారని రెండో డబ్బాలో, దాన్ని గట్టి మూడో పెట్టెలో పెట్టి, పైన జీవ నమూనా అని చెప్పే యూఎన్ 3373 వజ్రం గుర్తు. డ్రై ఐస్ మన వైపు దొరకడం కష్టం. దొరికితే పెట్టెను టేపుతో గాలి చొరకుండా బిగించకండి, వాయువు నిండి పగులుతుంది. దొరక్కపోతే గడ్డకట్టిన జెల్ ప్యాకులు చాలు, లేదంటే ఇక్కడే డీఎన్ఏ తీసి బఫరులో పంపండి. అది దారి పొడుగునా వెన్ను నీటి కన్నా మొండిగా నిలుస్తుంది.

చిరునామాలో పిన్‌కోడ్ మరవద్దు. జయపురం పిన్ 764001 లేకుండా జైపూర్ అని రాసిన పెట్టె రాజస్థాన్ దారి పట్టొచ్చు. 760001 లేని బరంపురం పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లాలోనూ ఉంది. ఒక్కో ఊరికి ఒడియా, తెలుగు, ఆంగ్ల రూపాలు మూడుంటాయి కాబట్టి పేరు మీద కాకుండా శాంపిల్ నంబరు మీద నడపండి. సరిహద్దు దాటి విశాఖలోనో విజయనగరంలోనో చేర్చిన రోగికైతే ఫారంలో ఆస్పత్రి చిరునామా కింద ఇంటి గ్రామం, బ్లాకు, జిల్లా కూడా రాయించండి. ఎ గ్రూపు అని తేలిన కాగితం ఆంధ్రా ఆస్పత్రి ఫైల్లో ఉండిపోయి, సిప్రో మాత్ర అందాల్సిన ఇల్లు నారాయణపట్నం కొండ మీద ఉంటే, ఆ ఊరి ఆశా కార్యకర్తకు ఫోను వెళ్లేది ఆ ఒక్క గడి నిండి ఉన్నప్పుడే.